తడిసిన ఉన్ని చెప్పిన కథ

పోయిన పుష్యమాసంలో నా చేతులారా ఒక పాడుపని చేశాను. ముప్పై ఏళ్ళ కిందట ఆదిలాబాదు జిల్లాలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నప్పుడు, అక్కడి చలికి నేను దగ్గుతూ బడికి వెళ్ళడం చూడలేక మా ఆవిడ నాకొక స్వెట్టరు అల్లి ఇచ్చింది. ఆమె కాలం చేసి నాలుగేళ్ళయింది. ఆ స్వెట్టరును ట్రంకుపెట్టెలోంచి తీసి, కలరా ఉండల వాసన వదిలించాలని సలసల కాగే నీళ్ళలో సబ్బుపొడి కలిపి నానబెట్టాను. తరవాత బండమీద వేసి, బడిపిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినంత శ్రద్ధగా రుద్ది, పిసికి, పిండాను. ఆరాక చూద్దును గదా, అది మా ఆరేళ్ళ మనవడికి సరిపోయేంత అయి, అట్టలాగ బిగిసి కూర్చుంది.

"అయ్యో మామయ్యగారూ! నీళ్ళు తగిలితే ఉన్ని కుదించుకుపోదూ? నాతో ఒక్కమాట చెప్పకపోయారా?" అంది మా కోడలు.

తప్పు నాదే కనక మాట్లాడలేదు. కానీ ఆమె చెప్పిన కారణం మాత్రం నా మనసుకు ఎక్కలేదు. ఆదిలాబాదులో శ్రావణ భాద్రపదాల ముసురులో గొర్రెలు కాసేవాళ్ళు గొంగడి కొప్పెర వేసుకుని పొద్దస్తమానం వానలో నిలబడటం నేను కళ్ళారా చూశాను. నీళ్ళు తగిలితేనే ఉన్ని కుదించుకుపోయేట్టయితే, ఆ గొంగళ్ళు ఒక్క వానాకాలంలో చేతిరుమాళ్ళయిపోవాలి. అంతదాకా ఎందుకు? ఆ గొర్రె సంగతేమిటి? జన్మంతా వానలో తడిసే గొర్రె ఒంటిమీది ఉన్ని ఎందుకు బిగిసిపోదు?

పద్యంలో ఒక పదానికి అర్థం తెలియకపోతే నిద్రపట్టని జాతి మాది. అర్థంకాని ఈ పదం ఉన్ని అయింది. కొన్ని నెలలపాటు దొరికినవి దొరికినట్టు చదివాను. చదవగా తేలినదేమంటే, ఉన్నిని తడిపితే ఏమవుతుందన్న ప్రశ్నకు మనుషులు అయిదువందల ఏళ్ళకు పైగా సమాధానం వెతికారు. వెతుకుతూ వెతుకుతూ, ఉన్నిని దాటి, మన ఒంట్లోని మాంసకృత్తుల కట్టడం దాకా వెళ్ళిపోయారు. ఆ కథ సాటి మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

ముందు మాట గురించి ఒక మాట. పంతులి బుద్ధి ఎక్కడికి పోతుంది? సంస్కృతంలో 'ఊర్ణా' అంటే ఉన్ని. మన 'ఉన్ని' దాని తద్భవమే. సాలెపురుగుకు 'ఊర్ణనాభ' మని పేరు, నాభిలో ఉన్ని గలది అని. లాటిన్ 'లానా', ఇంగ్లీషు 'వూల్' కూడా ఈ ఊర్ణకు దాయాదులేనని భాషాశాస్త్రజ్ఞులు ఎన్నడో తేల్చారు. ఇన్ని భాషల్లో ఇంతకాలం నిలిచిన మాట అంటే, మనిషికి ఆ వస్తువుతో స్నేహం ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

ఉన్ని నీటిని తాగుతుందన్న సంగతిని కొలతకు ఎక్కించమన్నవాడు నికొలస్ అనే జర్మను మతాచార్యుడు. క్యూసా అనే ఊరివాడు. 1450లో ఆయన తూనికలతో చేయదగిన ప్రయోగాల గురించి లాటినులో ఒక సంభాషణ రాశాడు. అందులో చమత్కారమేమంటే, పాఠం చెప్పేవాడు పామరుడు, వినేవాడు పండితుడు. పెద్ద త్రాసులో ఒకవైపు బోలెడంత ఉన్ని, మరోవైపు రాళ్ళు వేసి, గాలి సమంగా ఉన్న రోజున సరితూచి ఉంచమంటాడు ఆ పామరుడు. గాలిలో తేమ పెరిగితే ఉన్నివైపు త్రాసు వంగుతుంది, ఎండగాలి వీస్తే పైకి లేస్తుంది. దాన్నిబట్టి వాతావరణం ఎటు మారుతోందో చెప్పవచ్చు. ఉన్నిమీద చుక్క నీరు పడకపోయినా, కంటికి కనపడని ఆవిరిని అది గాలిలోంచే తాగి బరువెక్కుతుందన్నమాట.

మిత్రులారా, ఆ తాగడం ఎంతనుకున్నారు? పూర్తిగా ఎండిన ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు నీటిని పీల్చుకోగలదు. అంత తాగినా చేతికి తడి అంతగా తగలదు. పత్తి తాగేది ఇందులో చాలా తక్కువ.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు వినోదం, వర్తకులకు తలనొప్పి. ఉన్ని తూకం లెక్కన అమ్ముడుపోయే సరుకు గదా! ముసురు రోజున తూచితే ఒక బరువు, ఎండరోజున తూచితే మరొకటి. ధర పెట్టి నీళ్ళు కొనుక్కున్నట్టే. ఇంగ్లండులో ఉన్నివ్యాపారానికి పెట్టినపేరైన బ్రాడ్‌ఫర్డులో నగరపాలక సంస్థే ఈ తగాదా తీర్చడానికి ఒక పరీక్షాలయం నడిపింది. దానికోసం 1902లో ప్రత్యేకంగా ఒక భవనం కట్టారు. సరుకులోంచి కొంత మచ్చు తీసి, పొయ్యిలో తేమంతా పోయేదాకా ఎండబెట్టి తూచి, ఆ ఎండు బరువుకు ఒప్పుకున్నంత తేమను కలిపి, ఇదీ ధర్మమైన తూకమని రాసి ఇచ్చేవారు. వర్‌స్టెడ్ అనే నున్నటి ఉన్నిదారానికి ఆ లెక్క నూటికి 18.25. అంటే నూరు తులాల ఎండు దారానికి పద్ధెనిమిదింబాతిక తులాల నీరు న్యాయంగా ఉండవచ్చునని ఇరుపక్షాల వారూ సమ్మతించారన్నమాట.

ఇలా బరువు సంగతి తెలిసింది. మరి ఆకారం? నీళ్ళు తాగిన పోగు ఏమవుతుంది?

దీన్ని పట్టుకున్నవాడు జెనీవా నగరవాసి హొరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్. భాషాశాస్త్రం చదివిన మిత్రులు ఈ పేరు చూసి ఉలిక్కిపడి ఉంటారు. ఆధునిక భాషాశాస్త్రానికి పునాది వేసిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఈయన మునిమనవడే. ఆ మునిమనవడు డాక్టరేటు కోసం సంస్కృత వ్యాకరణంలోని ఒక షష్ఠీ ప్రయోగంమీద పరిశోధించినవాడు. ముత్తాత మాత్రం కొండలెక్కేవాడు. 1787లో మాఁ బ్లాఁ శిఖరం ఎక్కాడు. కొండలమీద గాలిలో తేమ ఎంతుందో కొలవడానికి ఆయన ఎన్నుకున్న పనిముట్టు మనిషి తలవెంట్రుక. ఉన్నీ, వెంట్రుకా, గోరూ, కొమ్మూ అన్నీ కెరాటిన్ అనే ఒకే కుటుంబపు మాంసకృత్తులతో చేసినవే కనక, వెంట్రుక చరిత్ర ఉన్ని చరిత్రే.

సొస్యూర్ వెంట్రుకను సోడాద్రావణంలో ఉడికించి జిడ్డు పోగొట్టి, ఒక కొసను బిగించి, రెండో కొసను చిన్న ఇరుసుకు చుట్టి, ఆ ఇరుసుకు ముల్లు తగిలించాడు. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, ముల్లు తిరుగుతుంది. ఆరితే మళ్ళీ తన చోటికి వస్తుంది. 1783లో ఈ సాధనం గురించి పెద్ద గ్రంథమే వెలువరించాడు. అదే ఊరివాడైన డెలుక్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఇందుకు ఒప్పుకోలేదు. ఆయన తిమింగిలం నోట్లో ఉండే పట్టీలోంచి అడ్డంగా కోసిన ముక్కతో వేరే సాధనం చేసి, నాదే సరైనదన్నాడు. ఇద్దరికీ చాలాకాలం వాదం నడిచింది. తమాషా ఏమంటే తిమింగిలం పట్టీ కూడా కెరాటినే. ఒకే వస్తువును ఒకరు నిలువుగానూ మరొకరు అడ్డంగానూ కొలుస్తూ తగవులాడుకున్నారు.

ఆ తగవులోనే అసలు రహస్యం దాగి ఉంది. ఎండిన వెంట్రుకను పూర్తిగా తడిపితే పొడవు పెరిగేది నూటికి రెండు, రెండున్నర పాళ్ళు మాత్రమే. ఉన్నిపోగు కూడా అంతే, ఇంకా తక్కువే అనవచ్చు. కానీ లావు? ఉన్నిపోగు మందం నూటికి పదహారు పాళ్ళ దాకా పెరుగుతుంది. నిలువునా రెండు, అడ్డంగా పదహారు! సెనగగింజ నానితే అన్నివైపులా ఉబ్బుతుంది గదా. ఉన్ని అలా ఎందుకు ఉబ్బదు? లోపల ఏదో నిలువుగా కట్టిన కట్టడం ఉండి, నీటిని అడ్డంగానే చోటుచేసుకోమంటూ ఉండాలి. అదేమిటో తెలియడానికి మరో నూటయాభై ఏళ్ళు పట్టింది.

అక్కడికి వెళ్ళేముందు నా స్వెట్టరు సంగతి తేల్చాలి. ఎందుకంటే అది ఈ ఉబ్బడం వల్ల కుదించుకుపోలేదు. ఉబ్బిన ఉన్ని ఆరితే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. స్వెట్టరుకు పట్టింది వేరే గతి.

ఉన్నిని తడిపి, తొక్కి, దట్టం చేసే విద్య బహు పురాతనం. మధ్య ఆసియా సంచారజాతులు గుడారాలకు వాడే ఫెల్టూ, కశ్మీరు నమదా ఈ విద్య బిడ్డలే. వాటిలో నేత లేదు, అల్లిక లేదు. తడి, ఒత్తిడి, రాపిడి మాత్రమే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయి నగరంలో, తొట్లలో నిలబడి కాళ్ళతో బట్టలు తొక్కుతున్న పనివాళ్ళ చిత్రాలు గోడలమీద దొరికాయి. రోములో ఈ వృత్తివారు క్షారగుణం కోసం నిలవబెట్టిన మూత్రాన్ని వాడేవారు. మధ్యయుగాల ఇంగ్లండులో ఉన్నిబట్టను తడిపి తొక్కి చిక్కబరచేవాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఫుల్లర్, వాకర్, టక్కర్ అనే మూడు ఇంటిపేర్లు ఆ ఒక్క పనిలోంచే పుట్టాయి. తరవాత కాళ్ళ బదులు ఏటినీటితో తిరిగే చక్రాలూ, వాటితో లేచిపడే కొయ్యసుత్తులూ వచ్చాయి. సెర్వాంటెస్ 1605లో వెలువరించిన 'డాన్ కిహోటే' మొదటి భాగంలో, చీకట్లో ఏదో ఘోరమైన చప్పుడు విని కథానాయకుడు మహాసాహసానికి సిద్ధపడతాడు. తెల్లవారి చూస్తే అవి ఉన్నిబట్టను దంచే ఆరు సుత్తులు!

ఇన్ని శతాబ్దాలు ఆ పని జరిగినా, బట్ట ఎందుకు దట్టమవుతోందో చెప్పినవారు లేరు. చెప్పినవాడు గాస్పార్ మోంజ్. జ్యామితిలో కొత్త శాఖనే స్థాపించిన ఫ్రెంచి గణితవేత్త ఈయన. 1790లో ఫెల్టు తయారయ్యే తీరుమీద ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పిన పరీక్షను మీరూ ఇప్పుడే చేయవచ్చు. పొడవాటి వెంట్రుక నొకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పొడవు వెంబడి ముందుకూ వెనక్కూ నలపండి. వేళ్ళు రెండువైపులా కదులుతున్నా, వెంట్రుక మాత్రం ఎప్పుడూ కుదురువైపుకే జరుగుతుంది. కారణం వెంట్రుకమీద చేపకున్నట్టు పొలుసులున్నాయి. అవన్నీ కొసవైపు తిరిగి ఉంటాయి. అందువల్ల ఒకవైపు జారుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది.

ఇప్పుడు స్వెట్టరులో లక్షలాది పోగుల్ని ఊహించుకోండి. కొన్ని అటు తిరిగి, కొన్ని ఇటు తిరిగి ఉంటాయి. నీటిలో ఉబ్బిన పోగు మెత్తబడి, లాగితే సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. సబ్బు జారుడుతనం ఇస్తుంది, వేడి ఇంకా మెత్తబరుస్తుంది. రుద్దిన ప్రతిసారీ ప్రతి పోగూ తన కుదురువైపు ఒక అడుగు వేస్తుంది. పొలుసులు దాన్ని వెనక్కి రానివ్వవు. బావి గిలకకు వేసే పళ్ళచక్రం లాంటిదే ఇదీ. అడుగడుగునా పోగులు ఒకదానిలో ఒకటి దూరి, ముడిపడి, బిగిసిపోతాయి. వేడినీటిలో పొలుసులు తలుపుల్లా తెరుచుకుంటాయని చాలాచోట్ల రాస్తారు గాని, అది అతిశయోక్తి. అసలు దోషి ఒకవైపే నడిచే ఆ రాపిడి.

కనక నీరు ఒక్కటే నా స్వెట్టరును పాడుచేయలేదు. నీరు పోగుల్ని సిద్ధం చేసింది. ఆ తరవాతి పని నా చేతులు చేశాయి. గొర్రె ఎందుకు బిగిసిపోదో కూడా ఇక్కడే తెలుస్తుంది. దాని ఒంటిమీద ప్రతి పోగూ కుదురు దగ్గర చర్మానికి కట్టుబడి ఉంది. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఒకదాన్ని దాటి ఒకటి నడవడానికి వీలు తక్కువ.

ఇక ఆ నిలువు కట్టడం సంగతి. రంగస్థలం ఇంగ్లండులోని లీడ్స్ నగరం, కాలం 1928 తరవాత. అక్కడి విశ్వవిద్యాలయంలో వస్త్రశాస్త్ర విభాగానికి విలియం ఆస్ట్‌బరీ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడు వచ్చాడు. అంతకుముందు లండనులో విలియం బ్రాగ్ దగ్గర శిష్యరికం చేసినవాడు. స్ఫటికాల్లోకి ఎక్స్-కిరణాలు పంపి, అవి ఫిల్ముమీద వేసే చుక్కలనుబట్టి లోపలి పరమాణువుల అమరిక చెప్పడం ఆ గురువు నేర్పిన విద్య. ఉప్పుకూ వజ్రానికీ పనికొచ్చిన ఆ విద్యను ఆస్ట్‌బరీ ఉన్నిమీద ప్రయోగించాడు. అదే విశ్వవిద్యాలయంలో స్పీక్‌మన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒక్కొక్క ఉన్నిపోగును నీటిలో పెట్టి లాగి, ఎంత బరువుకు ఎంత సాగుతుందో ఓపికగా కొలుస్తున్నాడు.

స్పీక్‌మన్ కొలతల్లో తేలినది ఆశ్చర్యకరం. నీటిలో ఉన్న పోగును దాని పొడవులో నూటికి ముప్పై పాళ్ళ దాకా లాగవచ్చు. వదిలేస్తే ఎప్పటి పొడవుకు వచ్చేస్తుంది. ఆవిరిలో అయితే రెట్టింపు దాకా సాగుతుంది. సాగిన స్థితిలోనే బాగా ఆవిరిపట్టి ఉంచితే ఇక వెనక్కి రాదు, అలాగే నిలిచిపోతుంది.

ఆస్ట్‌బరీ ఈ రెండు స్థితులకూ ఫొటోలు తీశాడు. మామూలు ఉన్ని ఒక రకమైన చుక్కల ముగ్గు వేసింది. తడిలో సాగదీసిన ఉన్ని ఇంకో ముగ్గు వేసింది. వదిలితే మళ్ళీ మొదటి ముగ్గు! మొదటిదానికి ఆల్ఫా అనీ రెండోదానికి బీటా అనీ పేరు పెట్టాడు. ఆల్ఫాలో ఏదో అమరిక 5.1 ఆంగ్‌స్ట్రాముల కొకసారి పునరావృత్తమవుతోంది. (ఆంగ్‌స్ట్రాము అంటే మిల్లీమీటరులో కోటో వంతు.) బీటాలో ఆ దూరం మారిపోయి, నిటారుగా చాచిన గొలుసు లక్షణాలు కనిపించాయి. 1931, 1933 సంవత్సరాల్లో తన సహచరులతో కలిసి వీటిని ప్రకటించాడు.

దీని భావమేమిటి? మాంసకృత్తు పొడవైన గొలుసు. ఉన్నిలో ఆ గొలుసు మడతపడి ఉంది. లాగితే మడత విప్పుకుంటుంది, వదిలితే మడతపడుతుంది. ఎండు ఉన్నిలో గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. నీటి అణువులు లోపలికి వచ్చి ఆ బంధాల చోట తాము కూర్చుంటాయి. దాంతో పట్టు సడలుతుంది. మరైతే అంతా కరిగిపోదేమని అడుగుతారేమో. గొలుసుకూ గొలుసుకూ మధ్య గంధకపు బంధాలు కూడా ఉన్నాయి. నీరు వాటి జోలికి పోలేదు. అందుకే ఉన్ని నీటిలో మెత్తబడుతుందే గాని కరగదు. వెనక్కి రావడానికి దారి చూపేవి అవే. ఆ బంధాల్ని కూడా విప్పి, కొత్తచోట్ల ముడివేస్తే ఆకారం శాశ్వతం. ఆడవాళ్ళ జుట్టుకు వంకీలు తిప్పే పర్మనెంటు విద్య వెనకా, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనాసంస్థ 1957లో ఉన్నిప్యాంట్ల మడతలు నిలిపేందుకు కనిపెట్టిన సైరోసెట్ పద్ధతి వెనకా ఉన్నది ఇదే సూత్రం.

గొలుసు మడతపడి ఉందన్న మాటలో ఆస్ట్‌బరీ నూటికి నూరుపాళ్ళూ సరి. కానీ ఎలా మడతపడి ఉందన్న మాటలో పొరబడ్డాడు. కాగితం మడిచినట్టు ఒకే తలంలో మడతలున్నాయనుకున్నాడు. గొలుసుకు పక్కల ఉండే కొమ్మలకు ఆ మడతల్లో చోటు చాలదని 1940లో న్యూరాత్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆస్ట్‌బరీ తన నమూనాను దిద్దుకున్నాడు గాని, సరైనది చిక్కలేదు.

చిక్కించుకున్నవాడు అమెరికాలోని లైనస్ పాలింగ్. 1948లో ఆక్స్‌ఫర్డులో ఉండగా జలుబుచేసి మంచంమీద ఉన్నప్పుడు, కాగితంమీద గొలుసు బొమ్మ గీసి, మడతలు పెట్టి చూస్తూ, అది చదునుగా కాక మెలిదిరిగి మరమేకు చుట్లలాగ ఉండవచ్చునని కనిపెట్టాడు. కానీ ఆయన లెక్కలో ఒక్కొక్క చుట్టు 5.4 ఆంగ్‌స్ట్రాములు వచ్చింది. ఆస్ట్‌బరీ ఉన్ని చెప్పింది 5.1. ఆ చిన్న తేడా కారణంగా వెంటనే ప్రకటించక ఆగాడు. చివరికి 1951లో కోరీ, బ్రాన్సన్ అనే సహచరులతో కలిసి ప్రకటించాడు. అదే నేడు ప్రతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ కనిపించే ఆల్ఫా హెలిక్సు. ఆ 'ఆల్ఫా' ఆస్ట్‌బరీ ఉన్నికి పెట్టిన పేరే!

ఆ వార్త చదివిన కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు మాక్స్ పెరూట్జ్, పాలింగ్ చెప్పింది నిజమైతే 1.5 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఇంకో గుర్తు కనపడాలని గ్రహించాడు. మామూలుగా పోగును నిలిపే పద్ధతిలో ఆ గుర్తు ఫిల్ముమీద పడదు. పోగును వాల్చి పెట్టాలి. ఒక గుర్రపు వెంట్రుకను అలా పెట్టి ఫొటో తీశాడు. గుర్తు కనపడింది. పరుగున వెళ్ళి తన పెద్ద అయిన లారెన్స్ బ్రాగ్‌కు చూపించాడు. ఈయన ఆస్ట్‌బరీ గురువైన విలియం బ్రాగ్ కుమారుడు. ఈ ఆలోచన ఎలా తట్టిందని బ్రాగ్ అడిగితే, ఇంత అందమైన కట్టడం మనకు తట్టలేదే అన్న కోపంతోనన్నాడట పెరూట్జ్. నిన్ను ఇంకా ముందే కోపగించేట్టు చేయవలసింది అన్నాడట బ్రాగ్. తరవాత పెరూట్జ్ తన వ్యాససంపుటానికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నాడు.

మరి 5.4కూ 5.1కీ ఉన్న తేడా? దాన్ని తీర్చినవారు క్రిక్, పాలింగ్, ఎవరికి వారే. ఉన్నిలో ఆ మరచుట్ల గొలుసులు విడివిడిగా లేవు. పురికొసలు కలిపి తాడు పేనినట్టు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వాలుగా మెలిపడటం వల్ల నిలువున కొలిచిన దూరం కాస్త తగ్గుతుంది. ఆస్ట్‌బరీ కొలత తప్పు కాదు, పాలింగ్ లెక్కా తప్పు కాదు. ఉన్ని ఇద్దరికీ నిజమే చెప్పింది.

సొస్యూర్ నాటి ప్రశ్నకు కూడా దీంతో జవాబు దొరికింది. పేనిన ఆ సూక్ష్మతంతువులు పోగు పొడవునా కట్టెలమోపులాగ నిలువుగా ఉంటాయి. వాటి నడుమ మెత్తని మరో మాంసకృత్తు నిండి ఉంటుంది. నీరు ముఖ్యంగా ఆ మెత్తని భాగంలో చేరి తంతువుల్ని పక్కలకు తోస్తుంది. తంతువుల్ని నిలువునా సాగదీయలేదు. అందుకే లావు పదహారు, పొడవు రెండు.

ఆస్ట్‌బరీ జీవితంలో మరో ముచ్చట ఉంది. మన అనంతపురం రైతులు వింటే సంతోషిస్తారు. ఉన్ని గొలుసుల మడత విప్పి, మళ్ళీ పోగు చేయగల విద్య తెలిశాక, గొర్రెతో పనేమిటన్న ఆలోచన వచ్చింది. వేరుసెనగలోని మాంసకృత్తును క్షారంలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా ఆమ్లంలోకి వదిలితే పోగు వస్తుంది. ఐ.సి.ఐ. కంపెనీ దానికి ఆర్డిల్ అని పేరు పెట్టి, 1951లో స్కాట్లండులోని డంఫ్రీస్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. ఆస్ట్‌బరీ స్వయంగా ఆ వేరుసెనగ కోటు తొడుక్కుని తిరిగేవాడు. కానీ 1957కల్లా ఫ్యాక్టరీ మూతపడింది. ఆర్డిల్‌కు ఉన్న లోపాల్లో ఒకటి నీరు: తడిస్తే బలం బాగా కోల్పోయేది. ఉన్ని కూడా తడిలో కొంత బలహీనపడుతుంది గాని, దానిలో పేనిన తంతువులూ గంధకపు ముడులూ ఉన్నాయి. గొర్రె చర్మం కింద మెల్లగా జరిగే ఆ కూర్పును ఫ్యాక్టరీ తెచ్చిపెట్టలేకపోయింది.

ఇప్పుడు తిరిగి మన గొంగడి దగ్గరికి వద్దాం. గొంగడి ఉన్ని దక్కనీ గొర్రెది, ముతకది. మెరీనో వంటి సన్నని ఉన్నికన్నా ముతక ఉన్ని తక్కువగా ముడిపడుతుంది. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. పోగు పైపొరలో కొవ్వు జాతి పదార్థం అంటి ఉంటుంది కనక వానచినుకు వెంటనే ఇంకక జారిపోతుంది. లోపలి భాగం మాత్రం ఆవిరిని తాగుతుంది. తాగి ఉబ్బిన పోగులు నేతలోని సందుల్ని ఇరుకు చేస్తాయి. పైగా ఎండు ఉన్ని నీటిని పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. కొప్పెరలో నిలబడ్డవాడికి వెచ్చగా ఉందనిపించడం భ్రమ కాదు. అన్నిటినీ మించి, వాన గొంగడిని తడుపుతుందే గాని నాలాగ బండమీద వేసి రుద్దదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం గాని, ఆ ఒక్క వెంట్రుకలో ఎంత చదువుందో పిల్లలకు నేనెన్నడూ చెప్పలేదు. నాకే తెలియదు మరి.

మొత్తంమీద తడి ఉన్నిలో మూడు మార్పులున్నాయి. ఉబ్బడం ఒకటి, ఆరితే తీరిపోతుంది. ఆవిరిలో సాగి నిలిచిపోవడం రెండోది. బంధాలు మళ్ళీ విప్పగలిగితే కొంతైనా దిద్దవచ్చు. పోగులు ముడిపడి బిగియడం మూడోది. అది ఇక తిరిగిరాదు. నా స్వెట్టరు మూడో జాతిది. ఉల్లి పొరలాగ విప్పి మళ్ళీ అల్లిద్దామని మా కోడలు ఒక కొస దొరికించుకుని లాగి చూసింది. దారం రాలేదు, తెగింది. వద్దమ్మా అన్నాను.

దాన్ని మనవడు తొడుక్కుంటున్నాడు. చేతులు కాస్త బిగుతు. గాలి దూరదు కనక మునుపటికన్నా వెచ్చగానే ఉంటుందని వాడికి చెప్పాను. "తాతయ్యా, నాయనమ్మ నా కొలతకే అల్లిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఏ లీడ్స్ పండితుడి పుస్తకంలోనూ జవాబు లేదు. అవునన్నాను.

మిత్రులకు మనవి: ఉన్నిబట్టను గోరువెచ్చని నీటిలోనే ముంచండి. రుద్దవద్దు, మెలిపెట్టి పిండవద్దు. తువ్వాలులో చుట్టి నీరు ఒత్తేసి, నీడలో పరిచి ఆరబెట్టండి. మీ ఇళ్ళల్లో గొంగళ్ళు నేసినవారో, వాడినవారో పెద్దలుంటే, వాళ్ళు గొంగడిని ఎలా ఉతికేవారో అడిగి నాకు రాయండి. ఈ వ్యాసంలో ఆ పుట ఒకటి ఖాళీగా ఉంది.